బీరు బావ సాక పోసిన వేళ

నవ్వితే నవ్వండి గానీ, మా బావమరిది రవీందర్ పెండ్లి ఖాయం చేసింది నేనే. మాట్లాడి కాదు, తాగి! అప్పటినుంచి మా అత్తమ్మ నాకు చాయ పోయడం మానేసింది, మా ఆవిడా తల్లి వైపే. అందుకే ఆదివారం పూట ఇల్లూ వాకిలీ ఉన్నవాణ్ణి ఈ హోటల్లో మీ మధ్య కూర్చుని ఊదుకుంటూ తాగుతున్నాను. ఒరేయ్ జోసెఫ్, నువ్వు అప్పుడే నవ్వకు. నీ వాటా చివర్లో ఉంది.

ముందు నా తాగుడు సంగతి చెప్పాలి. నేను తాగుబోతును కాను, మీకు తెలుసు. జీతం వచ్చిన వారం హన్మకొండ చౌరస్తాలో ఒక చల్లటి బీరు, దానితో పల్లీలు, అంతే. బీరు గురించి నాకు తెలిసిందల్లా చల్లగా ఉంటే బాగుంటుందని, వెచ్చబడితే కషాయమని. సీసా మీద బొమ్మ మారినా లోపలి చేదు మాత్రం మారేది కాదు. ఆ ఒక్క సీసాకే రవీందర్ నాకు 'బీరు బావ' అని పేరు పెట్టాడు. కల్లంటే మాత్రం నాకు చిన్నచూపు. ఇస్త్రీ చేసిన టెరికాటన్ ప్యాంటు వేసుకుని తాటిచెట్టు కింద గొంతుక్కూర్చోవడమేమిటని!

నా కళ్ళు తెరిపించింది మా కరెంటాఫీసులో నా పక్క సీటు జోసెఫే. ఒకరోజు లంచ్ టైములో అన్నాడు.

“అన్నా, ఏండ్ల సంది ఒక్కటే రుచి తాగుతానవ్. వదినె రోజూ ఒక్కటే కూర వండితే ఊకుంటవా?”

“బీరు బీరేరా! అందుల రకాలేముంటయ్?”

“అందుల లేవు. అందుకే మనదాంట్ల సూపెడత, రా.”

మరుసటి ఆదివారం పొద్దున స్కూటర్ వెనక ఎక్కించుకుని ఖిలా వరంగల్ దాటించి తాటివనంలో దింపాడు. అక్కడ కల్లు గీసే గౌడన్న నా ప్యాంటు వైపొకసారి, మొహం వైపొకసారి చూసి, తాటాకు తుంచి దొప్పలా మడిచి చేతికిచ్చాడు. రెండు చేతులతో మూతి దగ్గర పట్టుకోవాలి, ఆయన లొట్టి, అదే కల్లు కుండ, ఎత్తి పైనుంచి వంచుతాడు. ఆ దొప్పకు నిలబెట్టే అడుగుండదు, కింద పెట్టే వీలు లేదు. పోసింది తాగాల్సిందే! ఈ పద్ధతి పెట్టినవాడెవరో గానీ మనిషి సంగతి బాగా తెలిసినవాడు.

ఒక్క గుక్క లోపలికి పోయిందో లేదో, నా మొహమాటం ఎటు పోయిందో తెలియదు. తీపి, దాని వెనకే సన్నటి పులుపు, ముక్కులోకి పచ్చి తాటాకు వాసన, నాలుక చివర చిన్న చిటపట. అబ్బ! ఇన్నేళ్ళూ ఊరి పక్కన ఇంత మంచి సరుకు పెట్టుకుని ఐసుపెట్టె ముందు క్యూ కట్టానే అని నామీద నాకే జాలేసింది.

ఇక ఆదివారాలన్నీ అటే. ఈత కల్లు ఒకటి, తాటి కల్లు ఒకటి అనుకునేవాణ్ణి. తాటిలోనే పోతుతాడు వేరు, పండుతాడు వేరని తెలిసింది. పండుతాడు ఆడచెట్టు, ముంజలు కాసేది. పోతుతాడు మగది, కాయదు, దాని కల్లు రుచి వేరు. పొద్దున దించింది పసిపిల్లలు కూడా తాగొచ్చన్నట్టు ఉంటుంది, అదే పగటికి మీసం తిప్పుతుంది, మాపటికి తొడ కొడుతుంది. ఒకే గౌడన్న, ఒకే మోకు, పక్కపక్క చెట్లు, అయినా దేని రుచి దానిదే. ఇంత పనితనం ఒక చిన్న కత్తితో, ఒక మట్టి లొట్టితో ఎట్లా సాధ్యమైందో నాకిప్పటికీ ఆశ్చర్యమే. ఉడికిన శనగ గుడాలు నములుతూ, ఆయన చెట్టెక్కుతుంటే చూడటం కూడా సగం ఆనందం.

అక్కడే సాక పోయడం కూడా నేర్చుకున్నాను. తాగేముందు నాలుగు చుక్కలు నేలమీద వదలాలి. భూమికి, చెట్టుకు, మనకన్నా ముందు పోయినవాళ్ళకు. ఆ మాట నా మనసుకు బాగా పట్టింది. అందరూ అలవాటుగా చిలకరించి తాగేస్తారా, నేను మాత్రం కళ్ళు మూసుకుని, నెమ్మదిగా, పూజారిలా పోసేవాణ్ణి. కొత్త బిచ్చగాడు పొద్దెరగడని ఊరికే అనలేదు.

కొన్నాళ్ళకు నాకు నాలుక మీద గర్వం మొదలైంది. ఇంట్లో పప్పుచారు కూడా ముందు వాసన చూసి, తర్వాత నోట్లో తిప్పి, ఆ పైన తలాడించేవాణ్ణి. మా ఆవిడ సరోజన ఒకరోజు గంటె పట్టుకుని నిలబడింది.

“ముందుగాల తిను. సర్టిఫికెట్ తర్వాత ఇద్దువు.”

సరే, అసలు సంగతికి వస్తాను. మా రవీందర్ బస్సు కండక్టరు కదా. పిల్లవాడు బుద్ధిమంతుడు, పెండ్లీడుకొచ్చాడు. అత్తమ్మకు తన తమ్ముడు కొమురయ్య బిడ్డను చేసుకోవాలని ఆశ. ఆ పిల్ల ఇంకా పదో తరగతి చదువుతోంది. అయినా అక్కాతమ్ముళ్ళ మధ్య సగం మాట అయిపోయింది. ఇంతలో పాలంపేట పోయే తొవ్వలో ఒక ఊరి నుంచి ఇంకో సంబంధం వచ్చింది. తెచ్చినవాళ్ళు దగ్గరి చుట్టాలు, చూడనైనా చూడమంటే బాగుండదు. మామయ్య లేడు కాబట్టి పెద్దల్లుణ్ణి, పెద్దమనిషిని నేనే. బయలుదేరేముందు అత్తమ్మ నన్ను వాకిట్లోకి పిలిచి మరీ చెప్పింది.

“బిడ్డా, సూసి రండి, అంతే. కబురు చేస్తమని చెప్పి లేవుండ్రి. ఆ ఇంట్ల మంచినీళ్ళు తప్ప ఏం ముట్టద్దు. నా తమ్మునికి మొకం ఎట్ల సూపెట్టాల్నో నీ చేతిల ఉన్నది.”

“జర నన్ను నమ్మత్తమ్మా! చాయ గూడ ముట్ట.”

సంబంధం కుదరకముందు పిల్ల ఇంట్లో చెయ్యి కడగకూడదన్న నియమం మనందరికీ తెలిసిందే. నేను దాన్ని అక్షరాలా పాటించాను, కావాలంటే రవీందర్‌ను అడగండి. పిల్ల తండ్రి ఎల్లయ్య చాయ తెప్పించాడు, వద్దన్నాను. అటుకులు తెప్పించాడు, చెయ్యి అడ్డం పెట్టాను. ఆఖరికి తమలపాకు అందిస్తే పంటి నొప్పని చెప్పాను.

పిల్ల పేరు విజయ. వచ్చి తల వంచుకుని కూర్చుంటుందనుకున్నాను. ఆ పిల్ల నా కళ్ళలోకి చూసి నమస్తే పెట్టింది.

“ఏం నేర్చుకుంటానవమ్మా?”

“హన్మకొండల టైపు నేర్చుకుంటాన్న. పొద్దుగాల బస్సుకు వోయి పగటీలికి ఇంటికొస్త.”

“రోజూ బస్సేనా? కష్టం కదా!”

“కష్టమేం లేదు. ఆ బస్సుల సీటు దొరుకుతది.”

నాకు ఆ ధైర్యం, ఆ తేటమాట చాలా నచ్చాయి. అంత రద్దీ దారిలో రోజూ సీటు దొరకడమేమిటని అడగాలన్న తెలివి మాత్రం రాలేదు. రవీందర్ ఆ సమయంలో ఇంటి దూలాలు లెక్కపెడుతున్నాడు.

లేస్తూ, “ఇంటికి వోయి కబురు చేస్తం,” అన్నాను. లోపల నన్ను నేనే మెచ్చుకున్నాను. అత్తమ్మ ఉంటే భుజం తట్టేదనుకున్నాను. అప్పుడు ఎల్లయ్య చేతులు కట్టుకుని అన్నాడు.

“మీ పద్ధతి మీది సారూ, తప్పు లేదు. బస్సుకింక టైమున్నది. మా చెలక గింత దూరమే. సూసిపోదురు రండ్రి.”

చెలక చూడటంలో తప్పేముంది? వెళ్ళాం. ఎర్రటి నేల, చిన్న బావి, బావి పక్కన ఒంటరిగా ఒక తాటిచెట్టు. దాని కింద ముగ్గురు పెద్దమనుషులు తలపాగాలు చుట్టుకుని కూర్చుని ఉన్నారు. “ఊకెనే కూసున్నం సారూ,” అన్నారు అడక్కుండానే. చెట్టు మీదినుంచి ఆ ఊరి గౌడన్న నడుముకు లొట్టి కట్టుకుని దిగుతున్నాడు. దిగుతుంటే పైన చెట్టు మొగి దగ్గరినుంచి లేత కాయ ఒకటి రాలి నా చెప్పు పక్కన పడింది. కాలితో పక్కకు నెట్టాను. నా చూపంతా ఆ లొట్టి మూతి మీది తెల్లటి నురగ మీదే ఉంది.

రవీందర్ నా మోచెయ్యి పట్టుకున్నాడు.

“బావా, వద్దే! అమ్మ తిడతది.”

“ఇంట్ల ముట్టద్దన్నది గానీ చెలకల ముట్టద్దన్నదారా?”

“గది గాదు బావా. ఈ ఊరి కల్లు శానా పేరున్నదట. తెలిసినోళ్ళే తాగాల్నట. బీరు తాగేటోళ్ళకు ఇది అర్థం గాదు.”

చూశారా! వాడు ఆ మాట అనకపోయి ఉంటే నేను బహుశా తప్పించుకునేవాణ్ణి. చెయ్యి దానంతటదే ముందుకు పోయింది. దొప్ప వచ్చింది. కల్లు వంచారు. దొప్ప అంచు కాస్త వంచి, కళ్ళు మూసుకుని, ఎప్పటికన్నా భక్తిగా సాక పోశాను. తలపాగాలు మూడూ ఒకేసారి లేచి నిలబడ్డాయి. అబ్బో, నా పద్ధతికి ఎంత గౌరవం అనుకున్నాను.

తాగాను. ఏం చెప్పను! ఎండలో నడిచి వచ్చిన గొంతులో అది పడ్డ తీరు! దొప్పకు అడుగు లేదు కదా, ఆపడానికి లేదు, ఆపాలనీ లేదు. అయిపోయాక మూతి తుడుచుకుని, వినేవాళ్ళు దొరికారు కాబట్టి మొదలుపెట్టాను.

“పోతుతాడు. అవునా, కాదా?”

ఎల్లయ్య గౌడన్న మొహం చూశాడు. గౌడన్న రవీందర్ మొహం చూశాడు.

“అవును సారూ,” అన్నాడు ఎల్లయ్య మెల్లగా. “ఎట్ల కనిపెట్టిన్రు?”

“నాలుక! ఖిలా వరంగల్ల గూడ తాగిన. దానికీ దీనికీ నక్కకూ నాగలోకానికీ ఉన్నంత దూరం. ఇది ఈ ఎర్రనేల గుణం. ఈ బాయి నీళ్ళ గుణం. ఇసొంటిది నేను నా జన్మల తాగలే!”

ఆ ఊపులో ఇంకో పని చేశాను. మంచి కల్లు దొరికితే పక్కవాడికి మన చేత్తో పోయడం మర్యాద అని తాటివనంలో చూసి నేర్చుకున్నాను. గౌడన్న చేతిలోని లొట్టి అందుకుని, ఎల్లయ్యకు దొప్ప ఇచ్చి, “మీరు గూడ పట్టుండ్రి!” అని స్వయంగా వంచాను. ఎల్లయ్య తాగి, దొప్ప పారేసి, నన్ను కావలించుకున్నాడు. తలపాగాల్లో పెద్దాయన గొంతెత్తాడు.

“ఖాయమైనట్టే! పిల్లగాని దిక్కు పెద్దమనిషి సాక పోసి తాగిండు, పిల్ల తండ్రికి తన చేతితోని పోసిండు. మేం ముగ్గురం సాచ్చెం. శుభం!”

నాకు కాళ్ళ కింద ఎర్రనేల కదిలింది. మన దగ్గర చక్కెర పంచి, తాంబూలాలు మార్చుకుని ఖాయం చేస్తారు. ఆ ఊళ్ళలో ఇట్లా చేస్తారని విన్నాను గానీ ఎన్నడూ చూడలేదు. “అయ్యో, నేను ఊకెనే దూపైతాంటే...” అని దాహం వంక చెప్పబోయాను. “దూపకు సాక పోస్తరా సారూ?” అన్నాడు పెద్దాయన. ఏం చెప్పాలిరా అని రవీందర్ వైపు తిరిగితే వాడు అప్పటికే ఎల్లయ్య కాళ్ళకు దండం పెడుతున్నాడు.

ఇంటికొచ్చి అత్తమ్మకు చెప్పిన తీరు మాత్రం అడక్కండి. ఆమె తిట్టలేదు. తిడితే బాగుండేది. పీట మీద కూర్చుండిపోయి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

“నీళ్ళు తప్ప ముట్టద్దన్న గద బిడ్డా!”

“ఇంట్ల ముట్టలే అత్తమ్మా...”

“ఇగ ఇంట్లేంది, బయటేంది! సాక పోసినంక మాట తప్పుతమా? తప్పం. కని నా తమ్ముడు ఇగ ఈ గడప తొక్కడు.”

ఆమె కళ్ళలో నీళ్ళు చూసి నాకు నిజంగా సిగ్గేసింది. నాలుక సుఖానికి ఒక అక్కనూ తమ్ముణ్ణీ విడదీశానే అనిపించింది. ఆ వారమంతా నాకు బీరు లేదు, కల్లు లేదు, అన్నం కూడా సరిగా తినలేదు. వాసన చూసి తలాడించడం కూడా బందైంది. సరోజనకు అనుమానం వచ్చి నుదురు మీద చెయ్యి పెట్టి చూసింది.

నిన్న కొమురయ్య మామ రానే వచ్చాడు. మిర్చి బేరానికి ఊరూరూ తిరిగే మనిషి, మీసాలే మూరెడుంటాయి. మేమంతా అత్తమ్మ ఇంట్లో గోడకు ఆనుకుని నిలబడ్డాం. ఆయన కుర్చీలో కూర్చుని, చెప్పులు విడిచి, నన్ను కిందినుంచి పైదాకా చూశాడు.

“నువ్వేనా సాక పోసింది?”

“నేనే మామా.”

“ఏ చెట్టుది?”

నేను ఎదురుచూసిన ప్రశ్న అది కాదు. పోయిన ప్రాణం లేచొచ్చింది. కల్లు గురించి తెలిసిన మనిషి, నా బాధ అర్థం చేసుకుంటాడనుకున్నాను.

“ఎల్లయ్య చెలకల బాయి పక్క తాడు మామా. పోతుతాడు! ఏం రుచి మామా! ఆ ఎర్రనేల...”

“బాయి పక్కదా?”

“అవును మామా. ఒక్కటే ఉన్నది.”

“పోయిన ఎండకాలం నేను మిర్చికి వోతే ఎల్లయ్య నాకు ఆ చెట్టు ముంజలే పెట్టిండు. కడుపునిండ తిన్న. పోతుతాడుకు ముంజలెట్ల కాస్తయిరా?”

నా చెప్పు పక్కన పడ్డ లేత కాయ కళ్ళ ముందు దొర్లింది. తల మీద గెలలు గెలలుగా వేలాడుతుంటే, వాటి కిందే నిలబడి, పోతుతాడు అని తీర్పు చెప్పాను! రవీందర్ దగ్గాడు. సరోజన తమ్ముడి చెవి పట్టుకుంది. అంతే, లొట్టి పగిలినట్టు అంతా బయటికొచ్చింది.

“సస్తాన్న, ఇడువక్కా! చెప్త! విజయ రోజూ నా బస్సుకే వస్తది. అమ్మకు చెప్పే ధైర్నం లేకపాయె. మామ బిడ్డేమో సిన్నపిల్ల, నన్ను అన్నా అని పిలుస్తది. బావ చూస్తే నీళ్ళు తప్ప ముట్టనని ఒట్టు పెట్టుకునె. ఇగ ఏం జెయ్యాలె? ఆ చెట్టును ముంజలకు ఇడిసిన్రు, గీస్తలేరు. అందుకే కల్లు తెల్లారంగనే తెప్పించి, లొట్టిల పోసి, గౌడన్నతోని పైకెక్కించినం. బావ వచ్చినంక దింపినం.”

“ఏడికెల్లి తెప్పించినవ్‌రా?” గోడ వదిలి ముందుకొచ్చి అడిగాను.

“ఖిలా వరంగల్ నుంచే బావా. నువ్వు వారం వారం పోయే గౌడన్న దగ్గరి పోతుతాడుదే. జోసెఫన్న స్కూటర్ మీద తెచ్చిచ్చిండు.”

అదిగో, ఇప్పుడు నవ్వు జోసెఫ్! నీ వాటా వచ్చింది.

కొమురయ్య మామ నవ్వడం మొదలుపెట్టాడు. మొదట మీసం కదిలింది, తర్వాత భుజాలు, ఆఖరికి కుర్చీ. కళ్ళు తుడుచుకుంటూ అత్తమ్మతో అన్నాడు.

“అక్కా, నాకేం కోపం లేదే. నా బిడ్డ ఇంక చదువుతనని ఏడుస్తాంది. నీకు ఎట్ల చెప్పాల్నా అని నేనే ఫికర్ పడుతాన్న. నీ కొడుకు గట్టోడు. ఇంటి అల్లుణ్ణి చెట్టు గీసినట్టు గీసిండు!” నా వైపు తిరిగి భుజం మీద చెయ్యి వేశాడు. “నీ నాలుక గూడ తక్కువది కాదురా. పోతుతాడును పోతుతాడనే అన్నవు. ఏ ఊరిదో చెప్పకపాయె, అంతే. కండ్లే జర చూపించుకో.”

అందరూ నవ్వారు. అత్తమ్మ కూడా కొంగు చాటున నవ్వడం నేను చూశాను. తర్వాత చాయ వచ్చింది. అందరికీ ఇచ్చింది, నా దాకా వచ్చి గ్లాసు వెనక్కి తీసుకుంది. “నీకు మంచినీళ్ళే బిడ్డా!” అంది.

మనసులో మాట చెప్తున్నాను, రవీందర్ మీద నాకు కోపం లేదు. ఆ పిల్ల బంగారం, మాట తేట, చూపు ధైర్యం. వాళ్ళిద్దరూ కలిసి నన్ను ఇంత పకడ్బందీగా బోల్తా కొట్టించారంటే సంసారం ఎంత బాగా చేస్తారో ఊహించుకోండి. పెండ్లికి మీరంతా రావాలి. కల్లు ఖిలా వరంగల్ నుంచే వస్తుందట, గౌడన్నకు అప్పుడే చెప్పేశారు.

నేను మాత్రం పోయే ఆదివారం నుంచి మళ్ళీ చౌరస్తాకే, నా పాత బీరుకే. రుచి లేకపోతే లేకపోయింది. కనీసం సీసా మీద అదేమిటో, ఏ ఊరిదో రాసి ఉంటుంది!